ప్రభ మోసేవాళ్లకి ముఖం అక్కర్లేదా?

(సంవాదం)

రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూసి బయటికొచ్చిన ఇద్దరి మధ్య నడిచిన వాదన ఇది. ఒకరు హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరైన మాస్టారు. రెండోవారు చిన్నప్పుడు ఆయన దగ్గరే బొమ్మలు నేర్చుకుని, తర్వాత యూనివర్సిటీలో ప్రింట్‌మేకింగ్ చదివిన అమ్మాయి. ఆమె కొత్తగా చేసిన లినోకట్ (లినోలియం ముక్క మీద చెక్కి తీసిన అచ్చు) ఇద్దరి మధ్యా ఉంది. కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం అందులో విషయం. పచ్చటి వరిచేలో బురద తొక్కుకుంటూ, శివుడి పేరున వెదురుతో ఎత్తుగా కట్టిన ప్రభని భుజాన వేసుకుని పోతున్న జనం.

మాస్టారు: పనితనానికి వంక పెట్టనమ్మా, బాగా చెక్కావు. కానీ మోసేవాళ్లలో ఒక్కడికీ ముఖం లేదేంటి? వీళ్లు గంగలకుర్రు ఊరివాళ్లో, పాలగుమ్మి ఊరివాళ్లో ఎలా తెలియాలి? గుండ్రాలు పెట్టి తలలన్నావు, వంకర చెక్కులు పెట్టి వీపులన్నావు. ఇందాక లోపల రామారావుగారి బొమ్మలు చూశాం కదా. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు. నిండా ఇరవయ్యెనిమిదేళ్లు లేవు. అంత చిన్న వయసులో గీసిన ఆడవాళ్ల మెడ వంపు చూడు, చేతివేళ్లు చూడు. ఆవిడ ఎవరో మనకి తెలీదు గానీ, ఎవరో ఒకావిడ ఉందని మాత్రం తెలుస్తుంది. నీ బొమ్మలో ఎవరున్నారు?

అమ్మాయి: ముఖం పెడితే చూపు అక్కడే ఆగిపోతుందండీ. బొమ్మలో ముఖం కనబడిందంటే కన్ను ముందు దాన్నే చదువుతుంది. వీడు నవ్వుతున్నాడా, అలిసిపోయాడా అని చూస్తుంది. నాకు ఆ ఆగడం వద్దు. ఒక వీపు మీంచి ఇంకో వీపు మీదికి చూపు జారిపోవాలి. అసలు అక్కడ జరిగేది కూడా అదే కదా. ప్రభ కింద పదులమంది భుజం పెడతారు. ఒకడు తప్పుకుంటే ఇంకొకడు దూరతాడు. ఎవడు ఎవడన్నది ప్రభకి పట్టదు.

మాస్టారు: ప్రభకి పట్టదు, వాళ్లమ్మకి పడుతుంది.

అమ్మాయి: మరేనండి. కానీ వాళ్లమ్మ కోసం ఫోటోలున్నాయి. నేను నడకని పట్టుకుందామనుకున్నాను. ఆ వీపుల్ని ఓసారి సరిగ్గా చూడండి. ఏ రెండూ ఒక్కలా లేవు. ఎడమ నుంచి కుడికి వస్తుంటే వంపు కొంచెం కొంచెం పెరుగుతుంది, మనిషికీ మనిషికీ మధ్య సందు కొంచెం కొంచెం తగ్గుతుంది. అన్నీ ఒకేలా చెక్కితే అది పంచె అంచు అయిపోయేది. ఇష్టమొచ్చినట్టు చెక్కితే తిరునాళ్లలో తొక్కిసలాటలా ఉండేది. వరసగా మారుతూ పోతేనే, ఇంతమందీ కలిసి ఒక్క అడుగు వేస్తున్నట్టు కన్ను నమ్ముతుంది. ఇదేం నేను కనిపెట్టింది కాదు. లేపాక్షిలో ఒకే ఒంటికి మూడు తలలున్న ఆవుని చెక్కారు కదా. రెండు తలలు చేత్తో మూసి చూస్తే మామూలు ఆవు. చెయ్యి తీసేస్తే తల తిప్పుతున్న ఆవు.

మాస్టారు: లేపాక్షి దాకా ఎందుకు? నరసాపురంలో పుట్టిన బాపుగారు ఉండగా! ఆయన గీసిన పెళ్లికూతురు జడ విసిరిందంటే ఆ గాలి మనకి తగులుతుంది. ఎందుకు? ఆ గీత గీసినప్పుడు చెయ్యి ఎంత జోరుగా వెళ్లిందో గీత లావులోనూ సన్నంలోనూ తెలిసిపోతుంది. గీత మొదలైన చోట ఒత్తిడి, చివర తేలిపోవడం. నువ్వేమో ఉలి పట్టుకుని బెత్తెడు గీతకి పావుగంట కూర్చున్నావు. అందులో జోరు ఎక్కణ్ణుంచి వస్తుంది?

అమ్మాయి: మీరు వారపత్రికల్లో చూసింది బాపుగారి చేతి గీత కాదు మాస్టారూ, జింకు బ్లాకు గీత. ఆయన గీసిన కాగితాన్ని ఫోటో తీసి, ఆ నెగెటివ్‌ని మందు పూసిన జింకు రేకు మీదికి ఎక్కించేవాళ్లు. గీత ఉన్నచోట యాసిడ్ తగలకుండా కాపాడి, మిగతా రేకుని యాసిడ్‌తో తినిపించేవాళ్లు. చుట్టూ గుంట పడితే గీత గట్టులా పైకి మిగిలేది. ఆ గట్టుకి సిరా రాసి కాగితం మీద నొక్కేవాళ్లు. ఎచింగ్‌లోనూ యాసిడే పని చేస్తుంది. కాకపోతే మేం గీతని గుంట చేస్తాం, బ్లాకువాళ్లు గీతని వదిలి చుట్టూ గుంట చేసేవాళ్లు. గోదావరి జిల్లాల్లో చదువుకున్న ప్రతి ఇల్లూ ఏళ్ల తరబడి వారం వారం యాసిడ్ తిన్న రేకు ముద్రలు చూస్తూనే ఉంది.

మాస్టారు: ఎన్ని బ్లాకులు చేసినా మొదటి విసురు చేతిదే కదా?

అమ్మాయి: అది నిజమేనండి. తేడా కూడా అక్కడే ఉంది. బ్లాకు ఆ విసురుని మోసుకొచ్చింది, అంతే. ఉలి పట్టుకున్నవాడికి మోసుకొచ్చే విసురు ఉండదు, తయారు చేసుకోవాలి. బాపుగారి గీతలో కదిలింది బాపుగారి చెయ్యి. నా బొమ్మలో కదలాల్సింది చూసేవాడి కన్ను. అందుకే వీపుల వరస, సందుల లెక్క, ముఖాలు తీసేయడం.

మాస్టారు: సరే, నీ దారిలోనే వస్తాను. కన్నుని కదిలించే విద్య మన గోదావరి జిల్లాలకి కొత్తేం కాదు. కాకినాడ పక్కన మాధవపట్నం తోలుబొమ్మలాటవాళ్లు ఏ కాలం నుంచో చేస్తున్న పనే అది. ఆ బొమ్మల్లో శైలి లేదా? బోలెడంత ఉంది. ముఖం పక్కకి తిరిగి ఉంటుంది, కన్ను మాత్రం చెంపంత పెద్దది. కిరీటమూ నగలూ అంతా చిల్లుల పని, వాటిలోంచి దీపం వెలుగు రావాలని. లోకంలో అలాంటి మనిషి ఉండడు. కానీ ఒక్క చోట మాత్రం వాళ్లు శైలి పేరు చెప్పి తప్పించుకోలేదు. కీళ్ల దగ్గర. భుజం, మోచెయ్యి, నడుము, మోకాలు విడివిడి తోలు ముక్కలుగా కోసి, తాడుతో ముడివేసి కలుపుతారు. హనుమంతుడి తోక ఎంత పెద్దదైనా పెట్టుకోవచ్చు, మోకాలు మాత్రం మోకాలు వంగేవైపే వంగాలి. నీ మనుషులకి కీళ్లేవమ్మా?

అమ్మాయి: తోలుబొమ్మని నిజంగానే ఆడిస్తారు కదండీ, అందుకు కీళ్లు కావాలి. నా కాగితాన్ని ఎవరూ ఆడించరు. అయినా ఒక సంగతి చెప్పండి. ఆటలో రాముడు కాసేపు కదలకుండా నిలబడతాడు. అప్పుడు కూడా బొమ్మ బతికే ఉన్నట్టుంటుంది, ఎందుకని? పాతరోజుల్లో వెనక ఆముదం దీపాలుండేవి. మంట వణికితే బొమ్మ ఊపిరి తీసుకున్నట్టు ఉండేది. కీలు కదలకపోయినా అంచు కదిలేది. నేను నమ్ముకున్నది ఆ అంచుని. ఇక్కడ ఆకుపచ్చ రంగు నల్లరంగుకి సరిగ్గా అతకలేదు, వెంట్రుకవాసి పక్కకి జరిగింది చూశారా? అది పొరపాటున జరిగింది కాదు, కావాలని జరిపాను. ఆ సన్నటి తెల్లటి సందు వల్ల భుజాలు వణుకుతున్నట్టుంటాయి.

మాస్టారు: నేను అచ్చు తప్పనుకున్నాను.

అమ్మాయి: చాలామంది అలాగే అనుకుంటారు. పైగా నిజానికి సరిపోవాలన్న పట్టింపుతో కూడా చిక్కుంది మాస్టారూ. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ పరుగెత్తే గుర్రాన్ని వరసగా కెమెరాలు పెట్టి ఫోటోలు తీశాడు. అంతకుముందు చిత్రకారులు గుర్రానికి ముందుకాళ్లు ముందుకీ, వెనకకాళ్లు వెనక్కీ చాచి గాల్లో తేలించేవాళ్లు. పరుగులో అలాంటి క్షణమే లేదని ఆ ఫోటోల్లో తేలిపోయింది. కానీ ఫోటోలో గుర్రం బిగుసుకుపోయి ఉంటుంది, చిత్రకారుడు జెరికో గీసిన ఎప్సమ్ పందెం గుర్రాలేమో ఇప్పటికీ దూసుకుపోతుంటాయి. శిల్పి రోదాఁ ఇదే పట్టుకుని వాదించాడు. ఫోటో ఒక క్షణాన్ని నిలిపేస్తుంది, మనిషి కన్నుకి మాత్రం ముందు క్షణమూ తర్వాతి క్షణమూ కూడా కావాలి, కాబట్టి కళాకారుడే నిజం చెబుతున్నాడన్నాడు.

మాస్టారు: రోదాఁ ఆ మాట అనగలడు. ముందు ఒళ్లు ఎలా పనిచేస్తుందో ఏళ్ల తరబడి మట్టిలో పిసికి తెలుసుకున్న మనిషి. తెలిసి తప్పడం వేరు, తెలియక తప్పడం వేరు. ఇంకో మాట చెప్పు. ఈ వంపులు ఎవరి దగ్గర నేర్చావు? ఎక్కడో చూసినట్టున్నాయి.

అమ్మాయి: దాచేదేముందండి. లండన్‌లో 1925లో గ్రోవ్‌నర్ స్కూల్ అని ఒకటి పెట్టారు. అక్కడ క్లాడ్ ఫ్లైట్ లినోకట్ నేర్పేవాడు. నేలమీద పరిచే లినోలియం ముక్క చవక, మెత్తన, ఎవరైనా చెక్కొచ్చని ఆయన నమ్మకం. నల్లగీతల బ్లాకు లేకుండా రంగుకో బ్లాకు చెక్కి, ఒకదాని మీద ఒకటి అచ్చు వేయించేవాడు. ఆ బృందంలోని సిరిల్ పవర్ 1930లో ‘ది ఎయిట్’ చేశాడు. పడవ పందెంలో తెడ్లు వేసే ఎనిమిది మందిని పైనుంచి చూసినట్టు ఉంటుంది. వీపులన్నీ ఒకే వంపులో విల్లులా వంగి ఉంటాయి. సిబిల్ ఆండ్రూస్ 1934లో ‘స్పీడ్‌వే’ చేసింది, మోటార్‌సైకిల్ పందెం. ముఖాల్లేకుండా వంపుల వరసతో జోరు పుట్టించడం వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను.

మాస్టారు: అదీ సంగతి! అందుకే నీ వాళ్లు ప్రభని మోయట్లేదు, పందెంలో పరుగెడుతున్నారు. థేమ్స్ నది మీద పడవకి కావాల్సింది వేగం. మోటార్‌సైకిల్‌కి కావాల్సింది వేగం. జగ్గన్నతోటకి పోయే ప్రభకి వేగం ఏం చేసుకోను? వెదురూ తాటిదూలాలూ కట్టి, రంగు బట్టలు చుట్టి, తాటిచెట్టంత ఎత్తు లేపిన ప్రభ అది. కింద వరిచేను, ఆ చేలో నీళ్లు. పైరు తొక్కుతున్నారని రైతు ఏమీ అనడు, శివుడు నడిచిన చేనని మురిసిపోతాడు. అలాంటి చోట కాలు ముందుకి వెళ్లేముందు పైకి రావాలి. మడమ లేస్తుంది గానీ వేళ్లని బురద వదలదు. వదిలేదాకా ఒంటి బరువంతా రెండో కాలి మీద ఉంటుంది, ప్రభ బరువంతా భుజం మీద ఉంటుంది. మన డెల్టాలో కదలికంటే బరువమ్మా. నాట్లేసేవాళ్ల నడుములోనూ బరువే, కాలవగట్టు మీద పడవని తాడేసి లాగిన పాతకాలం సరంగుల ఒంట్లోనూ బరువే. నీ వంపులు ఆ బరువుని మింగేశాయి.

అమ్మాయి: కౌశిక నది దాటేటప్పుడు మాత్రం జోరుంటుంది కదండీ! గంగలకుర్రు ప్రభలు నీళ్లలోకి దిగుతుంటే, గట్టు మీద జనం ‘అశ్శరభ శరభ’ అని కేకలేస్తుంటే, వాళ్లకి వేగం లేదంటారా?

మాస్టారు: జోరు ఉంది, ఎదురీత జోరు. జారుడుబల్ల జోరు కాదు. నీ బొమ్మలో చూపు హాయిగా జారిపోతోంది, ఎక్కడా తట్టుకోవట్లేదు. తట్టుకోకపోతే బరువు ఎలా తెలుస్తుంది?

అమ్మాయి: ఈ మాట మీద ఆలోచించాలి. అయితే బరువు చూపించడం ప్రింటుకి చేతకాని పనని మాత్రం అనకండి. మన చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డిగారు జీవితమంతా ఆ పనే చేశారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, లండన్‌లో శిల్పం నేర్చుకుని, పారిస్ వెళ్లి హేటర్ నడిపే ఆటెలియే 17 అనే ప్రింట్ స్టూడియోలో చేరారు. ఆయనకి రాగి రేకు, జింకు రేకు బొమ్మ గీసే పలకలు కావు, శిల్పం చెక్కే రాళ్లు. ఒకే రేకుని రకరకాల లోతుల్లో తవ్వేవారు. తర్వాత రంగులు. గుంటల్లో చిక్కటి సిరా కూరి పైన తుడిచేస్తారు. నూనె ఎక్కువ కలిపి పల్చన చేసిన రంగుని గట్టి రోలర్‌తో దొర్లిస్తే అది ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే అంటుతుంది. దాని మీద చిక్కటి రంగుని మెత్తటి రోలర్‌తో దొర్లిస్తే అది లోతుల్లోకి దిగుతుంది, నూనెరంగు ఉన్నచోట మాత్రం అంటకుండా తప్పుకుంటుంది. రంగుల చిక్కదనం తేడాతోనే అవి ఒకదానితో ఒకటి కలవకుండా ఉంటాయి. ఒక్క రేకు, ఒక్కసారి ప్రెస్సులో పెడితే అన్ని రంగులూ వచ్చేస్తాయి. తడిపిన కాగితం ఆ గుంటల్లోకి దిగి సిరాని పట్టుకొస్తుంది. వేలితో తడిమితే గీత చేతికి తగులుతుంది. ఎంత బరువుతో నొక్కారో కాగితమే చెబుతుంది.

మాస్టారు: రంగుల సంగతి బాగుంది. మరి మనిషి?

అమ్మాయి: కృష్ణారెడ్డిగారి ‘గ్రేట్ క్లౌన్’ చూడండి. సర్కస్ విదూషకుడు ఉంటాడు, అతని చుట్టూ కిరణాల్లా విచ్చుకున్న పలకలూ వలయాలూ ఉంటాయి. మనిషి ఎక్కడ ఆగి, గోదా ఎక్కడ మొదలైందో చెప్పలేం. అదే రేకుని రంగులు మార్చి అచ్చు తీస్తే, ఒక ప్రతిలో అతను మీదికొస్తున్నట్టుంటాడు, ఇంకో ప్రతిలో వెనక్కి కరిగిపోతున్నట్టుంటాడు. చెక్కే పనిలోనే ఒక గమ్మత్తుంది. లోహం మీద బ్యూరిన్ అనే ఉలితో వంపు తీయాలంటే ఉలి పట్టిన చెయ్యి దాదాపు కదలదు. రెండో చేత్తో రేకునే తిప్పుతారు. ఉలి నిలబడి ఉంటే లోకం దాని కింద తిరిగినట్టు వంపు పడుతుంది. మీరడిగిన జోరు అక్కడుంది మాస్టారూ. బ్రష్షు చెయ్యి జోరు కాదది, రేకు తిరిగిన జోరు.

మాస్టారు: ఇది మాత్రం నాకు నచ్చింది. ఆయన గుంపుని ఎప్పుడైనా చెక్కారా?

అమ్మాయి: చెక్కారు. 1968లో పారిస్‌లో విద్యార్థులూ కార్మికులూ వీధుల్లోకి వచ్చినప్పుడు ‘డిమాన్‌స్ట్రేటర్స్’ చేశారు. జనమంతా నిలువుగా సాగిన ఆకారాలే. ముఖాలు చదవలేం.

మాస్టారు: ఊరేగింపులో ముఖం దాచుకోవాల్సిన అవసరం ఉండొచ్చు. పోలీసుల భయం ఉంటుంది. జగ్గన్నతోటలో ఎవడికి భయం? అక్కడ ప్రతివాడూ నేనూ భుజం పెట్టానని ఊరంతా చెప్పుకోవాలనుకుంటాడు. నీకు లక్ష్మాగౌడ్‌గారి ఎచింగులు తెలుసు కదా. ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్ మనిషి, బరోడాలో చదివారు. ఆయన మనుషుల్లో శైలి లేదనగలవా? కళ్లు, ముక్కులు, తలపాగాలు, పక్కన మేకలు అన్నీ ఆయన ముద్రే. ఆ మనుషులు ఎక్కడికీ పరుగెత్తరు. నిలబడే ఉంటారు. కానీ చర్మం కింద నరం కొట్టుకుంటున్నట్టే ఉంటుంది. కదలికంటే స్థలం మారడమే కానక్కర్లేదు.

అమ్మాయి: అవి చూస్తే నాకూ అసూయే. కానీ ఆయన ఊరి మనిషిని చెక్కారు, నేను ఊరేగింపుని చెక్కాలి. రెండింటికీ ఒకే లెక్క కుదరదు. సరే, మీకూ నాకూ ఇద్దరికీ నచ్చే బొమ్మ ఒకటి పెడతాను, తేల్చుకుందాం. కృష్ణారెడ్డిగారి గురువు నందలాల్ బోస్ 1930లో చేసిన లినోకట్. దండి యాత్రలో గాంధీ.

మాస్టారు: నల్లటి నేల, తెల్లటి గీతలు, చేతిలో కర్ర. దాన్ని ఎరగనివాడు ఎవడు?

అమ్మాయి: ఎన్ని గీతలున్నాయి అందులో? ఒంటికి కొన్ని, పంచెకి కొన్ని. వెనక దారి లేదు, సముద్రం లేదు, జనం లేరు. మిగిలిందంతా నలుపే. అన్నీ తీసేయబట్టే గాంధీ నడుస్తున్నాడు. శైలి చేసిన పని అది.

మాస్టారు: అన్నీ తీసేసినా ఏం మిగిల్చాడో చూడు. ఒంగిన నడుము, ఏటవాలుగా ఆనిన కర్ర, నేల మీద పాదం. ఈ మూడూ బరువు పడే చోట్లే. నేను కీళ్లన్నది వీటినే. ముఖంలో కూడా గీతలు తక్కువే, అయినా గాంధీయేనని వీధి చివర నుంచి గుర్తుపడతాం. ఎందుకంటే ఆ నడక ఆయనది. మనిషిని ముఖంతోనే గుర్తుపట్టాలని లేదు, నడకతో పట్టొచ్చు. నీ ముందువాడికి నడక ఇవ్వు, నేను ముఖం అడగను.

అమ్మాయి: అంటే ముఖాల మాట వదిలేసినట్టేనా?

మాస్టారు: వదిలేశాను. దానికి బదులు రెండు అడుగుతాను. ముందున్న ఇద్దరి పాదాలు సరిగ్గా చెక్కు. ఒకటి బురదలో దిగబడింది, ఇంకోటి వేళ్ల దగ్గర ఇంకా విడిపించుకోలేనిది. రెండోది, వాళ్లని ఎదురు నడిపించు. ఇప్పుడు ఎడమ నుంచి కుడికి పోతున్నారు. తెలుగు చదివే కన్ను కూడా అటే పోతుంది, అందుకే జారిపోతోంది. కుడి నుంచి ఎడమకి నడిపిస్తే ప్రతి వీపు దగ్గరా కన్ను కొంచెం తట్టుకుంటుంది. ఆ తట్టుకోవడమే బరువు.

అమ్మాయి: అచ్చులో బొమ్మ తిరగబడుతుంది కాబట్టి బ్లాకు మీద వాళ్లు ఇప్పటికే కుడి నుంచి ఎడమకి నడుస్తున్నారు మాస్టారూ. చెక్కినన్నాళ్లూ నేను చూసింది ఆ బరువు నడకే. కాగితం మీదికి వచ్చాక తేలికైపోయింది. కానీ లినోలో ఒకసారి తీసేసిన ముక్క మళ్లీ రాదు. పాదం కావాలంటే కొత్త బ్లాకు కొయ్యాల్సిందే. కోస్తాను. సందుల లెక్క మాత్రం మార్చను.

మాస్టారు: మార్చొద్దు. అది నీది. ఇక నేను చెప్పేది నీకు కాదు, బళ్లలో డ్రాయింగు చెబుతున్నవాళ్లకి. కదలిక అనగానే పిల్లలచేత కాళ్లు చాచిన బొమ్మలు, వెనక నాలుగు గాలిగీతలు గీయించి ఊరుకోకండి. వాళ్లని ఒకసారి చేలోకి తీసుకెళ్లి, బురదలో నడిచే మనిషి మడమ ఎప్పుడు లేస్తుందో చూపించండి. తర్వాత చెక్కించండి. దీనికి ప్రెస్సు అక్కర్లేదు. ఒక లినో ముక్క, ఒక ఉలి, రోలర్, కొంచెం సిరా, పల్చటి కాగితం, వెనక నుంచి రుద్దడానికి ఒక చెక్క గరిటె చాలు. రెండో చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలని మాత్రం మొదటి రోజే చెప్పండి.